అడగనిదే లేవని కొమురవ్వ

మా కొమురవ్వకు ఒకటే జబ్బు. ఏ ఇంటికి పోయినా, ఏ మనిషి ఎదురైనా, "మా మండలికేమిస్తవు?" అని అడగకుండా ఉండలేదు. అడిగి ఊరుకునే రకమూ కాదు, ఇచ్చేదాకా లేవదు. చొప్పదండిలో ఆమె వీధి మలుపు తిరిగిందంటే చాలు, మగవాళ్ళు జేబులు పట్టుకుని, ఆడవాళ్ళు నవ్వు ఆపుకుని లోపలికి పోయేవారు.

అప్పుడామె మా మహిళా మండలి అధ్యక్షురాలు. ఏడో తరగతి చదివిన పాపానికి నేను కార్యదర్శిని. ఆమెకు చదువు రాదు. మొహమాటం అసలే రాదు.

కుట్టుపని నేర్చుకోవడానికి, అక్షరాలు దిద్దుకోవడానికి మాకొక ఇల్లు కావాలి. పంతొమ్మిదివందల అరవైలో బ్లాకు ఆఫీసువాళ్ళు సగం ఖర్చు మేమిస్తామన్నారు. మిగతా సగం ఊరివాళ్ళు ఇవ్వాలి. రొక్కమైనా సరే, సామానైనా సరే, ఒంటి చాకిరీ అయినా సరే. ఆ వచ్చే మార్చి ఆఖరులోగా చూపించకపోతే గ్రాంటు వెనక్కి పోతుంది. ఆ కాగితం చదివి వినిపించిన రోజునుంచే కొమురవ్వ జబ్బు ముదిరింది.

ఒకసారి ఆమెకు జ్వరమొస్తే దవాఖానకు తీసుకుపోయాను. కంపౌండరు నాడి చూద్దామని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

"మండలికేమిస్తవు కొడుకా?"

"ముందుగాల నాలుక సూపియ్యవ్వా!"

చూపించింది. లోపలికి తీసుకుని మళ్ళీ అదే మాట అడిగింది. అతను రెండు రూపాయలు ఆమె చేతిలో పెట్టి నావైపు తిరిగాడు. "ఈమె జరం దిగింది గని, నాకెక్కింది. తోల్కపో తల్లీ."

మా ఊరి అంతయ్య కొడుకు పెళ్ళిలో అక్షింతలు వేయడానికి పందిట్లో గద్దె ఎక్కింది. వేసింది. దిగలేదు. వెనక యాభై మంది గుప్పిళ్ళతో నిలబడిపోయారు.

"పెండ్లికొడుకా, మండలికేమిస్తవు? నీ పెండ్లాం సూస్తున్నది మరి!"

తలవంచుకున్న పెళ్ళికూతురు నిజంగానే తలెత్తి చూసింది. పాపం, అతను చదివింపుల్లోంచి ఐదు రూపాయలు తీశాడు.

ఆమె భర్త రాజం మగ్గం మీద పనిచేసే నెమ్మదైన మనిషి. "నా ఒంటి మీద అంగి నాదో మండలిదో నాకే తెల్వదు" అని నా దగ్గర వాపోయేవాడు.

ఇట్లా ఎంత పీడించినా మా వంతు సగమైనా నిండలేదు. అప్పుడు లక్ష్మీరాజం పటేలు మమ్మల్ని పిలిపించాడు. ఊళ్ళో సగం పొలాలు ఆయనవే.

"జనాన్ని గింత పరేషాన్ చేసుడెందుకు? మీ వంతు పైసలన్ని నేనే ఇస్తా. మా బాపు పేరు పెట్టుండ్రి. తాళంచెయ్యి మా ఇంట్ల ఉంటది. కావాల్నంటె అడిగి తీసుకపోండ్రి."

నా గుండె గంతులేసింది. కొమురవ్వ మాత్రం చేతులు జోడించింది.

"వద్దు పటేలా."

కంపౌండరునీ పెళ్ళికొడుకునీ వదలని మనిషి ఇంత సొమ్ము వద్దంటుందా! నేనామె కొంగు లాగాను. లెక్కచేయలేదు.

"తాళం అడుగుడు మొదలువెడితె దానికి ఆఖరుండదు. మీ ఇంటి వంతు పది రూపాయలియ్యి, సాలు."

పటేలుకు కోపం వచ్చింది, పదీ ఇవ్వలేదు. కొమురవ్వ ఒక గడపనుంచి ఉత్తచేతులతో లేవడం ఆ రోజే చూశాను.

ఇక మిగిలింది చాకిరీ. ఊళ్ళో ఆడవాళ్ళం తలా రెండు రోజులు మట్టి తొక్కాలి, గోడ పెట్టాలి. నాట్ల కాలం వచ్చింది. రామవ్వ భర్త లేనిది, కూలి దొరికిననాడే పొయ్యి వెలిగించేది. ఎవరి గడపకు పోయినా వాకిట్లోనే నిలబడేది, తలెత్తి మాట్లాడేది కాదు.

"అవ్వా, రామవ్వనన్న ఇడిసిపెట్టు" అని బతిమాలాను.

"ఎందుకిడుస్త? దానికి చేతుల్లేవా?" అంటూ పోయి అడిగేసింది. నాకు ఒళ్ళు మండి ఆమెతో మాట్లాడడం మానేశాను.

ఆ మర్నాడే చెప్పాపెట్టకుండా బ్లాకు ఆఫీసరు జీపులో దిగాడు. "అధ్యక్షురాలు ఎక్కడ?" ఇంట్లో లేదు. గోడ దగ్గర లేదు. వెతికి వెతికి చివరికి లక్ష్మీరాజం పొలంలో కనిపించింది. మోకాలిలోతు బురదలో వంగి నాటు వేస్తోంది. ఆఫీసరూ నేనూ గట్టుమీద నిలబడిపోయాం. పనిమీద అక్కడికొచ్చిన పటేలు కూడా నోరు తెరిచాడు.

"అవ్వా, నువ్వీడేంది?" అని నేనే అడిగేశాను.

"రామవ్వ గోడకాడ, నేనీడ. దాని కూలి దానికి ముట్టాలె గద బిడ్డా."

"అట్లనా? మరి గా గోడేదో నువ్వే పెట్టకపోయినవా?"

ఆమె నడుం నిలబెట్టి, నేను ఒకటో తరగతి కూడా తప్పినట్టు చూసింది.

"నేను వెడితె ఇల్లు నాదైతది. దానిదెట్లయితది?"

అంతలోనే ఆఫీసరు వైపు తిరిగి బురద చేతులు జోడించింది.

"సారూ, జీబు మీద అచ్చినవ్. మండలికేమిస్తవు?"

ఆఫీసరు నవ్వి ఐదు రూపాయలు తీశాడు. ఆయన చూస్తుండగా పటేలు చెయ్యి కూడా జేబులోకి పోయింది. పది రూపాయలే, ఒక్క పైసా ఎక్కువ కాదు. కొమురవ్వ అంతకు మించి అడగనూ లేదు.

అందరం గోడ దగ్గరికి వచ్చాం. అప్పుడే పెట్టిన వరుస గట్టిగా ఉందో లేదో చూద్దామని ఆఫీసరు అరచెయ్యి ఆనించాడు. గోడ మీదినుంచి ఒక కేక వినబడింది.

"ఓ సారూ! పచ్చిగోడకు చెయ్యి వెడితివేంది? పొద్దటిసంది నడుములిరుగ పెట్టిన! తియ్యి!"

రామవ్వ! చేతిలో మట్టిముద్ద, కళ్ళల్లో నిప్పులు. పటేలు రెండడుగులు వెనక్కి వేశాడు. ఆఫీసరు బడిపిల్లవాడిలా చెయ్యి తీసి వీపు వెనక దాచుకుని, కొమురవ్వ వైపు వంగి మెల్లగా అడిగాడు.

"ఎవరామె?"

కొమురవ్వ మొహం వెలిగిపోతోంది.

"ఇంటామె సారూ" అంది. "జర పైలంగ మాట్లాడుండ్రి."