కాలువ గట్టు మీద పుట్టిన ముల్కీ

మొన్న గద్వాలలో ఒక సభకు పోతే, నా మనవడి వయసున్న వక్త ఒకాయన మైకు పట్టుకుని మనమంతా ముల్కీలమని అరిచాడు, జనం చప్పట్లు కొట్టారు, నాకు మాత్రం ఒళ్లు మండి మధ్యలోనే లేచి వచ్చేశాను.

మన ఈడు వాళ్లకు ఆ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. ముల్క్ అంటే దేశం. హైదరాబాదు హాలి సిక్క అనే తన నాణెం, తన రైలు తనకున్న రాజ్యంగా బతికిన రోజుల్లో ఆ నేల మనుషులకున్న పేరది. నేను పుట్టేనాటికి రాజ్యం పోయింది, పేరు మాత్రం తహసీలు కచేరిలో ఒక సర్టిఫికెట్టుగా మిగిలింది. అది ఉంటేనే సర్కారు నౌకరి.

మా నాయన బిజినేపల్లి దగ్గర గుంట భూమి లేక, కట్టల పనికీ కాలువల పనికీ ఊళ్లు పట్టి తిరిగే మట్టిపని కూలీ. బిడ్డ ఏ పని దగ్గర పుడితే ఆ కట్ట పేరో కాలువ పేరో గొప్పగా చెప్పుకోవడం మావాళ్ల అలవాటు. నన్ను బడిలో వేసినప్పుడు నాయన అట్లాగే, నది అవతల, హైదరాబాదు రాజ్యంలో లేని కర్నూలు వైపు కాలువ గట్టున పుట్టానని మురిసిపోతూ రాయించాడు.

పంతులు ఉద్యోగం చేతికందే వేళ ఆ ఒక్క మాటే అడ్డొచ్చింది. కచేరి గుమాస్తా బడి కాగితం చూసి, "నీ కొడుకు అవతలోడు. నువ్వన్న ఈడోనివని పహాణీల పేరుందా?" అన్నాడు. భూమి లేనివాడికి పహాణీలో పేరెక్కడిది? నాయన తలగుడ్డ తీసి చేత పట్టుకుని, "హాలి సిక్క కూలి తీస్కున్నోన్ని సారూ, నేను ముల్కీ కాకుంటే ఇంకెవరు?" అన్నాడు. మా పక్కనే, నది దాటి వచ్చి ఇక్కడ పొలాలు కొన్న ఆసామి కొడుకు పహాణీ చూపించి ఆ పూటే ముల్కీ అయిపోయాడు. నౌకరీ అతనికే వచ్చింది, నేను గడ్డపార పట్టాను. గుమాస్తా మీద కోపం నాకిప్పటికీ చల్లారలేదు. ఇంటిదాకా నాయన తనదే తప్పని తల కొట్టుకున్నందుకు ఇంకా ఎక్కువ మండుతుంది.

ఆ నిబంధనలు పోయాక నేనూ పంతులునయ్యాను. కూలీ దంపతులు బిడ్డను బడికి తెచ్చి, పుట్టిన కట్ట పేరు గొప్పగా చెబుతుంటే, నేను విననట్టే పుట్టిన చోటు దగ్గర వాళ్ల సొంత ఊరి పేరు రాసేవాణ్ని. రిటైరయ్యేదాకా ఆ అబద్ధం రాస్తూనే ఉన్నాను. రానురాను వాళ్లూ నేర్చుకున్నారు. పూణే, బొంబాయి పనుల దగ్గర పుట్టిన పిల్లలు ఇవాళ మా ఊళ్లలో ఎందరో ఉన్నారు, ఎక్కడ పుట్టారంటే మాత్రం ఎవరూ నోరు విప్పరు. ముల్కీ అనే మాట మైకుల్లో బతికే ఉంది. నేను పుట్టిన కాలువ పేరును మురిపెంగా పలికిన మనిషి మా నాయన ఒక్కడే, ఆయన పోయాక నేనూ దాన్ని ఎవరికీ చెప్పలేదు.