రేకులు విరగని బండి

మా కారును ఇబ్రహీంపట్నంలో అందరూ దవాఖాన బండి అనేవారు. తెల్ల రంగు, పొడుగాటి వెనుక భాగం, డిక్కీ చివరిదాకా సాగిన పైకప్పు చూసి అలా అనుకోవడంలో వాళ్ల తప్పేమీ లేదు. కొన్న మొదటి వారంలోనే బస్ డిపో దగ్గర ఒకాయన చెయ్యెత్తి ఆపి, "ఎవలికి సీరియస్ అన్నా?" అని నిజంగానే కంగారుపడ్డాడు. ఎవరికీ ఏమీ కాలేదంటే, మరి ఇంత పెద్ద బండిలో ఒక్కడినే ఎందుకు పోతున్నానని ఆరా తీశాడు.

దాన్ని ఎస్టేట్ కారు అంటారు. చూడటానికి సంసారపక్షంగా ఉంటుంది, లోపల ఇంజను మాత్రం పందేలకు పనికొచ్చేది. నాకు ముందు వాడినాయన స్ప్రింగులు మార్చి కారును నేల వైపు రెండంగుళాలు దించాడు. షాక్ అబ్జార్బర్లు కూడా మన ఇష్టప్రకారం బిగించుకునే, వదులు చేసుకునే రకం పెట్టించాడు. ఒక్కోదానికి ఒక చిన్న మర. కుడికి తిప్పితే టిక్కు టిక్కుమంటూ బిగుస్తుంది, ఎడమకు తిప్పితే వదులవుతుంది. ముందువి బానెట్ కింద, వెనకవి డిక్కీలో పక్క మూతల వెనక ఉండేవి. బిగిస్తే మలుపుల్లో బండి ఊగదు, వదిలితే గుంతల్లో మన నడుము బతుకుతుంది. నేను నాలుగింటినీ చివరి టిక్కు దాకా బిగించి నడిపేవాణ్ని.

హైదరాబాద్ చుట్టూ భూములకు పూటకో ధర పలుకుతున్న రోజులవి. సాగర్ రోడ్డు పొడవునా వెంచర్ల జెండాలు ఎగిరేవి. నేను పనిచేసే ఇంజనీరింగ్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ఆయన కూడా ఖాళీ పీరియడ్లో జనానికి ప్లాట్లు చూపించి వచ్చేవాడు. నేను మెకానికల్ విభాగంలో పాఠాలు చెప్పేవాణ్ని. మాకూ ఒక ప్లాటు ఉండేది, దాన్ని అమ్మేసి ఈ కారు కొన్నాను. అందరూ ఉన్నదమ్మి భూమి కొంటుంటే భూమి అమ్మి ఇనుము కొన్నవాణ్ని నేనొక్కణ్నే అయి ఉంటాను.

నా భార్యకు మాత్రం, "నీ పూతరేకుల కోసమే కొన్నాను" అని చెప్పాను.

అది పచ్చి అబద్ధం. కానీ వినడానికి నిజంలాగే ఉండేది. ఆమెది గోదావరి జిల్లా. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పలచటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్కసారి లాగితే కాగితం కంటే పలచని రేకు వస్తుంది. అలాంటి కుండ ఇక్కడ దొరకదని పుట్టింటి నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుంది. పోసిన రేకులను కూడా అలాగే తీసుకెళ్లేది. పెద్ద డబ్బా ఒళ్లో పెట్టుకుని, బస్సు గుంతలో పడ్డప్పుడల్లా మడమలు లేపి ఆ కుదుపును మోకాళ్లతో కాచుకుంటూ ఎల్బీ నగర్ మిఠాయి కొట్టుదాకా వెళ్లేది. కారుంటే ఆ బాధ ఉండదన్నాను. ఆమె కాసేపు నా మొహం చూసి సరే అంది. గట్టెక్కాననుకున్నాను.

కారు వచ్చిన మూడో నెలలో బడంగ్‌పేటలో ఒక పెళ్లి తగిలింది. వంటల కాంట్రాక్టరు కొత్త పద్ధతి కావాలన్నాడు. భోజనాల దగ్గర అతిథుల ఎదుటే రేకుకు నెయ్యి రాసి, చక్కెర పొడి చల్లి, మడిచి చేతికివ్వాలి. అందుకు మడవని ఎండు రేకులు ఎనిమిది వందలు తేవాలి. అందరికీ నచ్చితే ఆ సీజను పెళ్లిళ్లన్నీ ఆమెకే ఇస్తానన్నాడు. అన్ని రేకులు ఒళ్లో పట్టేవి కావు. అయినా ఆమె ఒప్పుకుంది.

"ఏవండీ, ఇది చెడితే ఇంకొకటి రాదు. మీ బండిని చూసుకునే మాటిచ్చాను" అంది నాతో.

నేను అప్పుడు కాస్త బుద్ధిగా ఆలోచించి బండిని మెత్తబరచడానికి ఒప్పుకున్నాను. డిపో వెనక షెడ్డులో ఒక మెకానిక్ ఉండేవాడు. పెద్ద చెరువులో చేపలు పట్టే కుటుంబం అతనిది. అన్నలు ఇంకా వలలు వేస్తుంటే ఇతను పానా పట్టాడు. మనిషి వంద కిలోలకు తగ్గడు. విషయం చెబితే, ఒక వెడల్పాటి గిన్నెలో అంచుదాకా నీళ్లు పోసి, దాన్ని పట్టుకుని డిక్కీలోకి ఎక్కాడు.

"నేను ఎనుక కూసుంట సార్. మీరు నడుపుర్రి. నీళ్లు ఒలికితె రెండు టిక్కులు ఇడుద్దాం" అన్నాడు.

అలా సగం పొద్దు తిరిగాం. సగం వదులు చేసేసరికి నీళ్లు ఒలకడం ఆగిపోయింది. ఇంకా వదలమంటే నేనొప్పుకోలేదు, మలుపుల్లో మజా పోతుందని. ఏ చక్రానికి ఎన్ని టిక్కులో డైరీలో రాసుకుని ఇంటికొచ్చి, ఇక చూసుకోమని నా భార్యతో గొప్పగా చెప్పాను.

ఆమె రెండు రోజులు పొయ్యి ముందు కూర్చుని రెండు వందల రేకులు పోసింది. డబ్బాలన్నీ డిక్కీలో నింపి, పరీక్షకని నేనొక్కణ్నే కోహెడ దాకా వెళ్లొచ్చాను. మూతలు తీసి చూస్తే పైన పదో పదిహేనో నిలిచాయి. మిగతావి నలిపిన అప్పడాల్లా ఉన్నాయి. ఆమె వేలితో కదిపి చూసి మూత పెట్టేసింది. తిట్టినా బాగుండేది. నాకు ఒళ్లు మండింది.

"నువ్వు మరీ పలచగా పోస్తున్నావు. కాస్త మందంగా పోస్తే ఏం పోతుంది?" అన్నాను.

"మందంగా పోస్తే దాన్ని అట్టు అంటారు" అంది ఆమె.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు మాట్లాడానని నాకు ఆ క్షణంలోనే తెలుసు. తెలిసినా నోరు మూసుకోలేదు. రేకుల గురించి, బస్సుల గురించి, కాంట్రాక్టరు గురించి కూడా ఏదేదో వాగాను. ఆమె మళ్లీ కుండ దగ్గరకు వెళ్లి కూర్చుంది. మర్నాడు మధ్యాహ్నం కొత్త రేకులు వంద డబ్బాలో పెట్టుకుని, బస్సులోనే వెళ్లి కాంట్రాక్టరు గోడౌన్లో పెట్టి వస్తానని బయల్దేరింది. మిగతావీ అలాగే విడతలు విడతలుగా చేరుస్తానంది. పెళ్లి ఇంకా ఎనిమిది రోజులుంది.

ఆపితే ఆగేలా లేదు. కాలేజీకి సెలవు పెట్టి, కారు వేసుకుని ఆ బస్సు వెనకే వెళ్లాను. అంత ఇంజను ఉన్న బండి బస్సు పొగ పీల్చుకుంటూ, అది ఆగిన చోటల్లా ఆగుతూ దారి పొడవునా నడిచింది. ఆమె రెండు బస్సులు మారి, బడంగ్‌పేటలో దిగి డబ్బా తెరిచింది. వందలో ఒక్కటి కూడా విరగలేదు. తర్వాత అక్కడే గట్టు మీద కూర్చుని మోకాళ్లు రుద్దుకుంది. చాలాసేపు రుద్దుకుంది. ఇంకా ఏడు విడతలు అలా తిరగాలి. నాకు చాలా సిగ్గేసింది.

ఆ సిగ్గు తీసుకెళ్లి మెకానిక్ మీద కోపంగా కుమ్మరించాను. నువ్వు సరిగ్గా పెట్టలేదు కాబట్టే ఇలా అయిందన్నాను. అతను పానా కింద పెట్టి తాపీగా అడిగాడు.

"రేకులు ఎంత బరువుంటయి సార్?"

"బరువేముంటుంది? అన్నీ కలిపినా ఒక చేత్తో ఎత్తొచ్చు."

"మరి నేనెంత ఉంట?"

నేను అతన్ని పైనుంచి కిందిదాకా చూశాను.

"మా చెర్వుల ఏస్తానికి చేపపిల్లలను తెచ్చే బండి చూసిన్రా? వచ్చేటప్పుడు నీళ్లు నిండుగుంటయి, ఎంత గుంతైనా తొట్టెల లెక్క ఊగుకుంట వస్తది. పిల్లలను ఇడిచి, నీళ్లు పారబోసి పోయేటప్పుడు చూడుర్రి, కప్ప లెక్క ఎగురుతది. మీరు నన్ను ఎనుక కూసోపెట్టి టిక్కులు చూసిన్రు. నేను దిగిపోయిన. మరి ఎగురదా సార్?"

ఆ ముక్క నేను ఏటా రెండో సంవత్సరం పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీసి చెబుతాను. స్ప్రింగు మీద బరువు తగ్గితే ఏమవుతుందో పరీక్షలో అడిగి, రాయనివాడికి సున్నా వేస్తాను. నేను మాత్రం డిక్కీ డబ్బాలతో నిండింది కాబట్టి బరువుతో నిండిందనుకున్నాను. ఆ సున్నా నాకు పడాల్సింది. అతనికి క్షమించమని చెబితే, "ఏం ఫికర్ లేదు, జర చాయ్ తాగుదాం రాండ్రి" అన్నాడు.

ఇంటికెళ్లి ఆమెతో తప్పు నాదేనని చెప్పాను. ఇంకొక్క అవకాశం ఇమ్మని అడిగాను. ఆమె పది రేకులు మాత్రం ఇస్తానంది. ఈసారి నాలుగు మరలనూ చివరిదాకా వదిలేశాను, టైర్లలో గాలి కొంచెం తగ్గించాను. ఇంట్లో ఉన్న రెండు బియ్యం బస్తాలు డిక్కీలో పడుకోబెట్టి, వాటి మీద బొంత, దాని మీద డబ్బా పెట్టాం. అదే కోహెడ దారిలో వెళ్లొచ్చి మూత తీస్తే పదికి పది ఉన్నాయి. ఆమె రెండోసారి లెక్కపెట్టి గానీ నమ్మలేదు.

పెళ్లి రోజు పొద్దున్నే డబ్బాలన్నీ అలాగే బస్తాల మీద సర్ది బయల్దేరాం. ఆమె వెనక సీట్లో డిక్కీ వైపు తిరిగి, రెండు చేతులూ డబ్బాల మీద వేసి, తల కూడా వాటి మీదే ఆనించింది. నేను ముప్పై కిలోమీటర్ల వేగం దాటలేదు. ఆటోలు, నీళ్ల ట్యాంకర్లు, ఆఖరికి ఒక ట్రాక్టరు కూడా హారన్ కొట్టుకుంటూ నన్ను దాటిపోయాయి. నాదర్‌గుల్ దగ్గర ఏదో వెంచరు ప్రారంభోత్సవమని రోడ్డు నిండా కార్లు నిలిచిపోయాయి. ముహూర్తం దాటితే భోజనాలు మొదలవుతాయి. అంతలో ఒక పెద్దమనిషి కారులోకి తొంగిచూసి, డబ్బాల మీద వాలిన ఆమెను చూశాడు.

"దవాఖాన బండి! లోపల అక్కకు మస్తు సీరియస్ ఉంది, జరుగుర్రి, జరుగుర్రి!" అని అరిచాడు.

జనం పక్కకు తప్పుకుని, కార్లు వెనక్కి తీయించి దారి ఇచ్చారు. ఆమె నవ్వు ఆపుకోలేక డబ్బాల్లో మొహం దాచుకుంది. అది చూసి ఎవరో "అయ్యో, ఏడుస్తుందిరా" అన్నారు. వాళ్లను మోసం చేసినందుకు నాకిప్పటికీ కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది.

పెళ్లిలో డబ్బాలన్నీ తెరిచాక విరిగినవి ఏడు తేలాయి. మడిచేటప్పుడు ఆమె చేతిలో విరిగేవే అంతకన్నా ఎక్కువ. ఆమె ముందు వరస కట్టారు. ఒక ముసలాయన తిని, మళ్లీ వచ్చి, "కాయితం గిట్ల తియ్యగుంటదని నాకు ఎర్కలేదు బిడ్డా" అన్నాడు. కాంట్రాక్టరు వచ్చే నెలలో ఇంకో మూడు పెళ్లిళ్లున్నాయని చెప్పాడు. ఆమె తలూపి, నెయ్యి చేతులు కొంగుకు తుడుచుకుంది.

తిరిగొచ్చేటప్పుడు ఆమె ముందు సీట్లో కూర్చుంది. నేను అలవాటుగా ముప్పైలోనే నడుపుతున్నాను. సాగర్ రోడ్డు ఎక్కాక, "ఆపండి" అంది. ఆపాను.

"ఇప్పుడు రేకులు లేవుగా. ఆ మరలేవో బిగించుకోండి" అంది.

"ఎందుకు?"

"దీన్ని ఎందుకు కొన్నారో అందుకు ఒకసారి నడపండి. నేనూ చూస్తాను."

మరల దగ్గర కూర్చుని తిప్పుతూ ఉంటే నా చెవులు వేడెక్కాయి. అబద్ధం చెప్పిన రోజు నా మొహం ఎందుకు చూసిందో అప్పటికి తెలిసింది. తెలిసే సరే అంది. తెలిసే ఆ బండిని నమ్ముకుని మాటిచ్చింది. ఆమె మీద అంత ప్రేమ నాకు పెళ్లప్పుడు కూడా కలగలేదు. నాలుగు చక్రాలకూ చివరి టిక్కు దాకా బిగించి వచ్చి కూర్చున్నాను.

రోడ్డు ఖాళీగా ఉంది. చాలా వేగంగా నడిపాను. పెద్ద మలుపు దగ్గర కూడా తగ్గించలేదు. బండి గీత గీసినట్టు తిరిగింది. ఆమె ఒక చేత్తో తలుపు పైన పిడి, ఇంకో చేత్తో ఒళ్లోని ఖాళీ డబ్బా పట్టుకుంది. కుదుపు వచ్చినప్పుడల్లా, డబ్బాలో ఏమీ లేకపోయినా, మడమలు లేచేవి. ఇబ్రహీంపట్నం చెరువు కనబడ్డాక వేగం తగ్గించి ఆమె వైపు చూశాను.

"ఇంతేనా?" అంది.

"ఇంతే" అన్నాను.