బుచ్చమ్మ కాళ్లకు రెండు రిపోర్టులు

మా ఆఫీసు గేటు దగ్గర ఆడవాళ్ల బ్యాగులు తనిఖీ చేసే బుచ్చమ్మ ఏడేళ్లుగా రోజుకు పన్నెండు గంటలు నిలబడే ఉంది. పుట్టింది శేరిలింగంపల్లిలోనే. కొండాపూర్‌లో ఈ అద్దాల మేడలు లేవక ముందు ఇక్కడే కూలికి కలుపు తీసింది. అప్పుడన్నా అలిసిపోతే గట్టు మీద కూర్చునేదట. ఇప్పుడు కూర్చుంటే సూపర్‌వైజర్ రంగనాథ్ ఊరుకోడు. వచ్చే క్లయింట్ల కంటికి కూర్చున్న సెక్యూరిటీ కనబడకూడదట. అదేం మర్యాదో నాకిప్పటికీ బుర్రకెక్కలేదు.

సాయంత్రమయ్యేసరికి ఆమె చీలమండలు ఉబ్బి బూట్లు ఊడిరావు. పిక్కల మీద నరాలు నీలంగా మెలికలు తిరిగాయి. ఒక్క స్టూలు వేయించమని అడిగితే, రోగముందని కాగితం తెమ్మన్నాడు రంగనాథ్. కాళ్లలో రక్తం ఎలా తిరుగుతోందో చూసే డాప్లర్ స్కానింగ్‌కు లింగంపల్లిలో ఒక సెంటర్‌కు పోయింది. వాళ్లు హడావిడిగా పడుకోబెట్టి, జెల్ పూసి, అంతా నార్మల్ అని రాసిచ్చారు. అది చూసి రంగనాథ్ దొంగనొప్పులన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

మరునాడు ఆమె వెంట ఆ సెంటర్‌కు నేనూ వెళ్లాను. పోట్లాడాలనే వెళ్లాను గానీ, అక్కడి డాక్టర్ ప్రియాంకను బుచ్చమ్మే ముందు అడిగింది.

"పండుకుంటె నాకు నొప్పెప్పుడుంది డాక్టరమ్మా? నిలవడితెనే గద. నన్ను నిలవెట్టి జూడు."

ప్రియాంక మొహం చిన్నబోయింది. ఈ నరాలను నిలబెట్టే చూడాలని, ఆ రోజు జనం ఎక్కువై అలా కానిచ్చేశామని ఒప్పుకుంది. బడి మొహం చూడని మనిషి వచ్చి చెప్పాలా ఆ మాట? ఈసారి నిలబెట్టి, పిక్క నొక్కి చూసింది. పైకెక్కిన రక్తం, చెయ్యి వదలగానే మళ్లీ కిందికి జారింది. స్క్రీన్ మీద నేనూ చూశాను. నరాల్లో రక్తాన్ని కిందికి జారకుండా ఆపే కవాటాలు పాడయ్యాయని, ఎక్కువసేపు నిలబడకూడదని రాసిచ్చింది.

ఇక స్టూలు వచ్చినట్టేనని సంబరపడ్డాం. రంగనాథ్ ఆ కాగితం రెండుసార్లు చదివాడు. నిలబడలేని మనిషి ఈ పనికి అక్కర్లేదు, రేపటి నుంచి రావద్దన్నాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

బుచ్చమ్మ ఏడవలేదు.

"పండవెట్టి జూసి రోగం లేదంటిరి సారు. నిలవెట్టి జూస్తె కొలువు లేదంటిరి. ఏడేండ్లల్ల ఒక్కనాడన్న కూసోవెట్టి జూసిన్రా?"

అతను తన కుర్చీలోంచి కదలకుండానే ఐడీ కార్డు ఇమ్మని చెయ్యి చాచాడు.

మర్నాడు ఆ చోట పాతికేళ్ల రజితను నిలబెట్టారు. స్టూలు మాత్రం వెయ్యలేదు.