సునీత కుకీ తుడిచేసిన రోజు

కరోనా తగ్గిన మరుసటి ఏడు, వానాకాలం. తెలుగు, మరాఠీ కలిసే సరిహద్దు ఊరు సిరొంచలో తహసీలు ఆఫీసుకు పోయే దారిలో మాది ఒక్క గది ఆన్‌లైన్ దుకాణం. ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్, నాలుగు కుర్చీలు. నేను చదివింది ఏడో తరగతి, అదీ మరాఠీ బడిలో. అయినా ఫారాలు నింపీ నింపీ ఏ సైటులో ఏ బటన్ ఎక్కడుంటుందో కళ్లు మూసుకుని చెప్పగలను. ఊళ్లో అందరూ నన్ను రాజక్క అంటారు.

ఆ సోమవారం జిమల్‌గట్ట నుంచి సునీత అనే అమ్మాయి, వాళ్ల అన్న రమేశ్ వచ్చారు. నర్సింగ్ చదువుకు ఫారం నింపాలి. పోయిన ఏడు ఆలస్యమై ఆ పిల్లకు సీటు పోయింది. ఈసారి కూడా పోతే చదువు మానేసి మిరప కోతకు రమ్మని ఇంట్లో చెప్పేశారు. గురువారం సాయంత్రం అయిదింటికి గడువు.

ఆ సైటుకు పాస్‌వర్డ్ ఉండదు. తెరిచినప్పుడల్లా ఫోన్‌కు ఓటీపీ వస్తుంది, ఒక్కసారికే పనికొచ్చే ఆరంకెల నంబరు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ రమేశ్‌ది. వచ్చిన నంబరు కొట్టి, కింద "ఈ కంప్యూటర్‌ను గుర్తుంచుకో" అన్న గడిలో టిక్కు పెట్టాను. అలా పెడితే సైటు మన బ్రౌజర్‌లో ఒక చిన్న చిట్టీ దాచుకుంటుంది. దాన్నే కుకీ అంటారు. మళ్లీ తెరిచినప్పుడు ఆ చిట్టీ చూసి మనల్ని గుర్తుపట్టి, ఓటీపీ అడగకుండానే లోపలికి రానిస్తుంది. మా దిక్కు అడవి ఊళ్లలో టవర్లు లేవు. ఇంటికొక ఫోను, అదీ పనికి పోయినవాళ్ల జేబులో ఉంటుంది. అందుకని అడిగినా అడగకపోయినా అందరికీ ఆ టిక్కు పెట్టడం నాకు అలవాటు.

ఫారం సగం నిండింది. నివాస దాఖలా, అంటే తహసీలు ఆఫీసు ఇచ్చే నివాస ధ్రువపత్రం, ఇంకా రాలేదు. అది వచ్చాకే మిగతా సగం.

"అన్నా, నువ్వు పాతగూడెం పోయినంక ఆడ నీ ఫోన్ కలుస్తదా?" అని అడిగింది సునీత.

"అత్తగారింట్ల ఏం కలుస్తది? నాట్లు అయ్యేదాంక నన్ను మర్చిపో," అన్నాడు రమేశ్.

"ఓటీపీ మళ్ల అడగది. బేఫికర్‌గ పొండ్రి," అన్నాను నేను. ఆ మాట ఇచ్చింది నేనే.

బుధవారం శంకరయ్య సారు వచ్చారు. రిటైరైన టీచరు. రోజూ పొద్దున మా కంప్యూటర్‌లో మరాఠీ పేపరు చదువుకుంటారు. తల నున్నగా ఉంటుంది.

"ఏం బిడ్డా, గిదేంది? ఏ వార్త తెరిచినా ఎంటికలు మొలిచే నూనె అడ్వర్టైజ్‌మెంటే. నీ మిషన్ నన్ను ఎక్కిరిస్తున్నదా?"

"అయ్యో, లేదు సారూ! ఇందాక ఓ పెళ్లికొడుకు గంటసేపు గా నూనెలే చూసి పోయిండు."

"ఆయన చూస్తే నాకెందుకు పూస్తున్నది?"

నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. అహేరిలో కంప్యూటర్లు బాగుచేసే మల్లేశ్‌కు ఫోన్ చేశాను.

"కుకీలక్కా. అడ్వర్టైజ్‌మెంటోళ్లు గుడ చిట్టీలు పెడ్తరు. సాఫ్ చేసెయ్."

సెట్టింగ్స్‌లోకి పోయి, మొదటి నుంచి ఉన్నవన్నీ తీసెయ్యమని నొక్కాను. ఇల్లు ఊడ్చి కడిగినంత హాయిగా అనిపించింది. సారు పేపర్లో నూనె పోయింది. దాంతో పాటు ఇంకేం పోయిందో నాకు తట్టలేదు.

గురువారం పది గంటలకు సునీత వచ్చింది. తాను తడిసినా దాఖలా తడవకుండా ప్లాస్టిక్ కవరులో తెచ్చుకుంది. సైటు తెరిచాను. ఫోన్ నంబరు అడిగింది. నంబరు కొడితే ఓటీపీ అడిగింది.

"అక్కా, మళ్ల అడగదంటివి గదా?"

ఆ పిల్ల కోపంగా అనలేదు. నాకు అదే ఎక్కువ గుచ్చుకుంది.

"నేనే ఖరాబ్ చేసిన బిడ్డా. నిన్న అన్నీ తుడిచిన," అన్నాను. రమేశ్ ఫోన్ కలవలేదు. సైటులో ఫోన్ నంబరు మార్చాలన్నా ఓటీపీ ఆ పాత నంబరుకే పోతుంది. పక్క కుర్చీలో సారు అంతా వింటున్నారు.

"నా బోడగుండు కోసమే గదా నువ్వు తుడిచింది. నేను పోత," అని లేచారు.

"గీ వానల యాడికి సారూ?"

"పాతగూడెం బడిల పన్జేసినోన్ని. రమేశ్ అత్తగారిల్లు నాకెరుకే. ఊళ్లె సిగ్నల్ రాకుంటే ఇంద్రావతి వంతెన మీదికి పట్కపోత. ఆడ అందుతది."

రెయిన్‌కోటు వేసుకుని బండి తీశారు. సునీత గడియారం చూస్తూ కూర్చుంది. చాయ్ తెప్పిస్తే ముట్టలేదు. మూడున్నర దాటాక సారు ఫోన్ నుంచి రమేశ్ గొంతు వినిపించింది.

"అక్కా, వంతెన మీదున్నం. పంపు!"

నొక్కాను.

"వచ్చిందా?"

"రాలే అక్కా!"

ఓటీపీకి ఇచ్చిన టైము అయిపోయింది. వెనక సారు అరుస్తున్నారు. "అరే, ఫోన్ జర పైకి పట్టు! ఇంద్రావతిల పడేసేవు!"

మళ్లీ నొక్కాను. ఈసారి వచ్చింది. అన్న ఒక్కో అంకె చెబుతుంటే చెల్లెలే కొట్టింది. అలవాటు కొద్దీ నేను ఆ టిక్కు మళ్లీ పెట్టాను. సోమవారం నింపిన సగం ఫారం చెక్కుచెదరకుండా ఉంది. దాఖలా ఎక్కించి పంపేసరికి నాలుగుంబావు. రసీదు ప్రింటు చేతికిస్తే ఆ పిల్ల రెండుసార్లు చదువుకుంది.

"అన్నా, అయిందే!" అని ఫోన్‌లో అరిచింది. అప్పుడు తాగింది చల్లారిన చాయ్.

పోతానని లేచి, మళ్లీ కూర్చుంది. "అక్కా, ఇప్పుడు నాది తుడిచెయ్. రేపు గీ కుర్చీల కూసున్నోళ్లు నా ఫారం తెరుస్తే ఎట్ల?"

ఇన్నేళ్ల పనిలో నాకు రాని ఆలోచన అది. ఆమెకని తెరిచిపెట్టిన తలుపు, ఆ కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్లకూ తెరిచే ఉన్నట్టే. సెట్టింగ్స్‌లో సైట్ల జాబితా తీసి, ఆ ఒక్క సైటు పేరు చూపించి, ఆమె చేతనే తీయించాను. నిన్న తుడిచాక వచ్చిన మిగతావాళ్ల చిట్టీలు ఎక్కడివక్కడే ఉన్నాయి. నిన్న నేను చెయ్యాల్సింది అంతే. అడ్వర్టైజ్‌మెంటు సైట్ల పేర్లు వెతికి తీసేస్తే సరిపోయేది.

సునీతకు సీటు వచ్చింది. ఇప్పుడు గడ్చిరోలిలో చదువుతోంది.

మళ్లీ రావాల్సినవాళ్లకు ఇప్పుడు వాళ్ల పేరు మీద వేరే ప్రొఫైల్ తెరుస్తాను. అంటే అదే బ్రౌజర్‌లో ఎవరి అర వాళ్లది, ఒకరి చిట్టీలు ఇంకొకరి దాంట్లో కలవవు. ఒక్కపూట పనికి వచ్చినవాళ్లకు ఇన్‌కాగ్నిటో కిటికీ. అది మూస్తే చిట్టీలు వాటంతట అవే పోతాయి. అయినా కుర్చీలోంచి లేచేముందు ఒక్కొక్కరినీ అడుగుతాను, "ఉంచాల్నా, తుడువాల్నా?" అని. కంప్యూటర్ నాదే గానీ, అందులో ఉన్న చిట్టీ వాళ్లది.