దురాయి రోజున వచ్చిన చుట్టాలు

ఇది రెండు దేశాల కథ. రెండు తీరాలను కలిపిన బంధుత్వం, ఉరిమే సముద్రం, ఒడ్డున ఊపిరి బిగబట్టిన ఊరు, అన్నీ ఉన్న మహాగాథ. అని మొదలుపెట్టాను గానీ పావు పేజీ కూడా నిలబడలేదు. నిజానికి ఇందులో ఉన్నది ఒక పూట, ఒక పడవ, షామియానా వాడి దగ్గర తెచ్చిన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు.

మా రాష్ట్రానికీ సముద్రాల అవతలి ఒక రాష్ట్రానికీ సోదర ఒప్పందం కుదిరింది. వాళ్ల అధికారులు వచ్చి మన పాలన చూస్తారు, మనవాళ్లు వెళ్లి వాళ్లది చూస్తారు. మనవాళ్లు ముందే వెళ్లి చూసొచ్చేశారు, ఫొటోలు కూడా పెట్టారు. ఇక చూపించే వంతు. తుపాను వస్తే తీరాన్ని ఎట్లా కాపాడుకుంటామో చూపించడానికి మైపాడుకు దిగువనున్న మా ఊరిని ఎంచుకున్నారు. నేను మండలాఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే కాంట్రాక్టు ఉద్యోగిని. ఆ ఊరివాణ్ని, కాస్త ఇంగ్లీషు వచ్చు. కాబట్టి దుబాసీని నేనే.

సంగతి చెప్పడానికి కాపుల దగ్గరికి వెళ్లాను. మా జాలర్ల ఊళ్లలో పెద్దల్ని కాపులంటారు. పెద్దకాపు అంతా విని, "సోదర రాష్ట్రమంటే, ఎవరు అక్క, ఎవరు చెల్లెలు?" అన్నాడు.

"అది రాయలేదు పెదనాయనా."

"చెల్లెలైతే మనం సారె పెట్టాల. కనుక్కోని రా అబ్బయా."

కనుక్కోలేదు. మా ఆఫీసు సారు చెప్పమన్నది ఒకటే: ఆ రోజు ఊరంతా ఒడ్డున ఉండాలి. అందుకు కాపులకు తెలిసిన దారీ ఒకటే: దురాయి. దురాయి వేస్తే ఆ పూట ఎవరూ వేటకు పోకూడదు. పోతే కాపులు వల లాక్కుంటారు, కాళ్లు పట్టుకున్నా తిరిగివ్వరు. కలెక్టరు మాట దాటినవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. దురాయి దాటినవాణ్ని నేను చూడలేదు.

సారుకు మాత్రం ఇంకో ఆలోచన వచ్చింది. తుపాను డ్రిల్లులో సైరన్ మోగగానే ఒక్క పడవైనా ఒడ్డుకు రాకపోతే చుట్టాలు ఏం చూస్తారు? మా బావకు తనే ఫోన్ చేసి, తెల్లారకముందే వెళ్లి కనుచూపు మేరలో ఉండమన్నాడు. బావా, బావ తమ్ముడూ వెళ్లారు. కాపులు మైకులో దురాయి చాటించింది ఆ తర్వాత. సారుకు దురాయి సంగతి తెలీదు, కాపులకు పడవ సంగతి తెలీదు. నాకైతే ఒడ్డున అక్క చెప్పేదాకా తెలీదు.

వాతావరణ సూచన 'తేలికపాటి జల్లులు' అంది. చుట్టాలు కుర్చీల్లో కూర్చునేసరికి తూర్పున ఆకాశం సీసం రంగుకు తిరిగింది. గాలి ఆగింది. చేపలు ఎండబెట్టిన చోట ఒక్క కాకి లేదు. అది నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. సముద్రం చప్పుడు తగ్గించి ఎవరి మాటలో వింటున్నట్టుంది. దీనికి ఇంకా గొప్ప పోలిక వెతుకుతుండగా సారు మైకు అందుకుని "హలో, చెక్" అన్నాడు. పోలిక పోయింది.

సైరన్ మోగింది. దూరంగా బావ పడవ కనిపించింది. చుట్టాలు చప్పట్లు కొట్టారు. ముందు వరసలోని పెద్దకాపు గబుక్కున లేచి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, భుజాన ఉన్న తువ్వాలు తీసి ఊపాడు.

పడవ ఆగింది. తర్వాత మెల్లగా ముక్కు తిప్పి, లోపలి సముద్రం వైపు వెళ్లిపోయింది. దాని వెనక వాన గోడలా దిగింది. ఇక పడవ లేదు.

చుట్టాల్లో ఒకాయన నన్నడిగాడు, వెనక్కి తిరగడం కూడా కార్యక్రమంలో భాగమేనా అని. నేను సారు వైపు చూశాను.

"అవునని చెప్పు."

చెప్పాను. ఆయన బుద్ధిగా రాసుకున్నాడు. సైరన్ మోగితే పడవలు సముద్రంలోకి పోవాలని అక్కడెక్కడో శిక్షణ ఇస్తున్నారేమోనని నాకిప్పటికీ బెరుకు.

అక్క నా చొక్కా పట్టుకుంది. "తిరిగిందేందిరా?"

"డ్రిల్లే కదా అక్కా."

"డ్రిల్లు మీకురా. లోపల ఉండేది మీ బావ."

ఒక అల వచ్చి ముందు వరస కుర్చీలు ఎత్తుకుపోయింది. అందరూ తుపాను షెల్టరులోకి పరిగెత్తారు. సైరన్ స్విచ్చి ఇరుక్కుపోయి, ఆపేవాడు లేక అది అరుస్తూనే ఉంది. అక్క కదల్లేదు, నేనూ కదల్లేదు. నా దగ్గర ప్రతిదానికీ ఒక జోకు ఉంటుంది. ఆ రోజు నోరు తెరిస్తే ఉప్పునీళ్లు పడ్డాయి, అంతే. చుట్టాల్లో ఒకావిడ షెల్టరు నుంచి వెనక్కొచ్చి అక్క మీద గొడుగు పట్టింది. గొడుగు వెంటనే తిరగబడింది. అయినా ఆవిడ పట్టుకునే నిలబడింది. దుబాసీ అవసరం పడలేదు.

వాన వెలిసింది. సముద్రం మీద ఏమీ లేదు. ఎంతసేపు చూసినా ఏమీ లేదు. షెల్టరులోంచి వచ్చిన జనం అక్క చుట్టూ చేరారు. పెద్దకాపు తువ్వాలు చేతిలో నలుపుతున్నాడు.

"ఏంది, అందరూ ఇక్కడుండారు?"

మాట వెనక నుంచి వచ్చింది, రోడ్డు వైపు నుంచి. బావ, బావ తమ్ముడు. మోకాళ్ల దాకా బురద. వల మాత్రం మూటగట్టి ఇద్దరూ చెరోపక్క భుజాన మోస్తున్నారు.

"దురాయి పడిందని మా చిన్నోడు ఫోన్ చేసినాడు," అన్నాడు బావ. "కాపులకు సారు చెప్పుంటాడులే అనుకున్యా. ఒడ్డు కాడికొస్తే కాపు తువ్వాలు ఇసురుతుండాడు. వల పోయిందిరా దేవుడా అని మైపాడులో దిగినాం."

"రమ్మని గదరా ఊపింది!" అన్నాడు పెద్దకాపు.

"నీ మొహం అంత దూరానికి కనిపించలా కాపా."

అక్క బావ వీపు మీద ఒక్కటి చరిచింది. "దిగినోడివి ఫోన్ చేయొద్దా?"

"తడిసి చచ్చింది."

"మైపాడు నుంచి రావడానికి ఇంత పొద్దా?"

"నడిచొచ్చినాం."

నిజమే. మధ్యాహ్నం పూట మైపాడు నుంచి మా ఊరికి బస్సు లేదు.