వంతెన మీద తగ్గే ఒక్క సైకిలు

కూర్మనాథం గుప్పిట్లో చింతగింజలు, కాళ్ళ మధ్య ఖాళీ నూనె డబ్బా. సైకిలు దాటిన ప్రతిసారీ ఒక గింజ డబ్బాలో పడాలి. కాగితం మీద గీతలు పెడుతూ కూర్చుంటే ఒకటి రాసేలోగా రెండు దాటిపోతాయని ఆయన నమ్మకం. పైగా ఆ జనవరిలో తెల్లవారేసరికి నాగావళి మీద మంచు ఎంత దట్టంగా పట్టేదంటే, కళ్ళతో చూసి లెక్కపెట్టడానికి ఏమీ ఉండేది కాదు. చెవులతో వినాల్సిందే.

వినడం ఆయనకు అన్నం పెట్టిన విద్య. పాత వంతెనకు పట్నం వైపు చివర నలభై ఏళ్ళుగా ఆయన సైకిలు షాపు ఉంది. పంచరు వేస్తూ తల వంచుకునే, "నరసింగరావు మాస్టారు ఎల్తన్నారు, ఎనక చక్రంలో బాల్సు అరిగిపోనాయి" అనేవాడు. తలెత్తి చూస్తే మాస్టారే. శ్రీకాకుళంలో సగం సైకిళ్ళు ఆయన చేతిలో విడిపోయి మళ్ళీ కలిసినవే. వాటిలో ఏది ఎలా మూలుగుతుందో, బిడ్డ ఏడుపు తల్లికి తెలిసినట్టు ఆయనకు తెలుసు.

మూడేళ్ళ నుంచి ఆయనకు మరో పని కూడా పట్టుకుంది. వంతెన మీద సైకిళ్ళకు విడిగా దారి కావాలి. ఎడమ పక్కన నాలుగడుగుల మేర వదిలి, మధ్యలో ఇనుప స్తంభాలు పాతాలి. ఈ మాట పట్టుకుని తిరగని ఆఫీసు లేదు. దారిన పోయే ప్రతి సైకిలునీ ఆపి వెనక మడ్‌గార్డుకు మెరిసే ఎర్ర స్టిక్కరు ఊరికే అంటించేవాడు. ఆదివారాలు పాతికమందిని వెంటేసుకుని శ్రీముఖలింగం దాకా సైకిళ్ళ మీద వెళ్ళి వచ్చేవాడు. "ముసిలాడికి సైకిలు పూనింది" అని ఊళ్ళో నవ్వుకునేవారు. ఎందుకు పూనిందో మాత్రం ఎవరికీ తెలియదు.

ఆ పాతికమందిలో గౌతమి ఒకతె. జూనియరు కాలేజీలో ఫిజిక్సు చెబుతుంది. పదేళ్ళ కూతురు కౌముదికి కొత్తగా సైకిలు వచ్చింది. బడి వంతెనకు అవతల. దారి వేసేదాకా వంతెన ఎక్కనివ్వనని తల్లి పట్టు, అందరూ వెళ్తున్నారని పిల్ల ఏడుపు. లారీ బరువు, వేగం, అది ఆగడానికి పట్టే దూరం గౌతమికి లెక్కకట్టడం వచ్చు. వచ్చు కాబట్టే నిద్ర పట్టేది కాదు.

చివరికి ఒక ఇంజనీరు కనికరించాడు. "వంతెన మీద ఎన్ని సైకిళ్ళు పోతున్నాయో అంచనాలు చెప్పకండి. ఆరు నుంచి ఏడు దాకా ఒక్క గంట, రెండు చివరలా మనుషుల్ని పెట్టి పట్నంలోకి వచ్చేవాటిని లెక్కపెట్టండి. రెండు లెక్కలూ కలిస్తే ఫైలు పైకి పంపుతాను. వారం గడువు. కలవకపోతే అది లెక్కే కాదు" అన్నాడు.

ఇదెంత పని అనుకున్నారు. కూర్మనాథం అవతలి గట్టున, గౌతమి పట్నం వైపు నిలబడ్డారు. మొదటి రోజు ఆయన గింజలు నూట ఎనభై ఆరు. ఆమె పుస్తకంలో నూట ఎనభై అయిదు.

"బాబాయ్, చలికి రెండు గింజలు అతుక్కుని పడ్డాయేమో చూడండి" అంది గౌతమి నవ్వుతూ.

"గింజలకేటి సలి? మీ పాపకి ఫోను సేసి తిన్నావా తాగావా అని అడిగిన అరనిమసంలో ఒకటి దాటిపోయుంటాది."

రెండో రోజు ఆమె ఫోను ఇంట్లోనే వదిలి వచ్చింది. నూట డెబ్బై రెండు, నూట డెబ్బై ఒకటి.

గౌతమి వంతెన ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి చూసింది. రెండు పక్కలా నడుమెత్తు గోడ. దిగడానికి మెట్లు లేవు. కింద ఇసుక, సన్నటి నీటిపాయ. వెనక్కి తిరిగిన సైకిలు ఒక్కటి కూడా లేదని కూర్మనాథం ఒట్టేసి చెప్పాడు. ఎక్కినది ఎక్కినట్టే ఉంది, దిగినది మాత్రం ఒకటి తక్కువ.

"రేపు చోట్లు మారదాం. తప్పు మనిషిదైతే మనిషితో పాటే అటు వస్తుంది" అందామె.

మూడో రోజు గౌతమి అవతలి గట్టుకు వెళ్ళింది. ఆమె లెక్క నూట తొంభై నాలుగు. పట్నం వైపు కూర్మనాథం లెక్క నూట తొంభై మూడు. ఆమె వంతెన దాటి వచ్చేసరికి మంచు విడిపోతోంది గాని, ముఖంలో రంగు లేదు.

"ఆరుంపావు దాటాక ఒకటి వచ్చింది బాబాయ్. చాలా నెమ్మదిగా. నా ముందు నుంచే వెళ్ళింది. చెయ్యి చాపితే అందేంత దగ్గర. నాకేమీ కనపడలేదు. చక్రం తిరిగినప్పుడల్లా రేకు తగిలినట్టు టక్కుమంది. మధ్యలో సన్నగా టిక్కుటిక్కుమంటోంది. తడి కొత్తిమీర వాసన వేసింది."

మొదటి రోజు నుంచీ ఆ చప్పుడు కూర్మనాథానికి తెలుసు. ఆ రేకు నూనె డబ్బా కోసి, విరిగిన మడ్‌గార్డుకు తానే వేసిన అతుకు. టైరులో ఉబ్బు ఒకటుంది. అది తగిలినప్పుడల్లా రేకు టక్కుమంటుంది. ఆ సైకిలు అసిరయ్యది. అవతలి ఊరి నుంచి రోజూ ఆకుకూరలు కట్టుకుని పట్నం మార్కెట్టుకు వచ్చే అసిరయ్య, ఇదే వంతెన మీద లారీ కింద పడి పోయి మూడేళ్ళయింది.

"ఒకటి తీసేసి రాసేద్దాం బాబాయ్. రెండొందలకి ఒకటి తేడా అంటే లెక్కలోకే రాదు" అంది గౌతమి. "మా పిల్ల ఇంటి బయట కొత్త సైకిలు పట్టుకుని కూర్చుంది."

"తియ్యను. ఓ పాలి తీసేసిన మనిషే అతను. మళ్ళీ నా సేత్తో తియ్యమంటావా?"

ఆ మధ్యాహ్నం ఆయన ఆమెకు చెప్పాడు. ఎవరికీ చెప్పని మాట.

వాళ్ళ ఇంట్లో తాతల నాటి పద్ధతి ఒకటుంది. సాయంత్రం దీపం పెట్టే వేళకి పనిముట్లన్నీ తుడిచి, పటం ముందు పేర్చి, బొట్టు పెట్టాలి. మళ్ళీ పొద్దు పొడిచేదాకా వాటిని ముట్టుకోకూడదు. ఆ సాయంత్రం బొట్లు పెట్టి లేచాడో లేదో, అసిరయ్య సైకిలు దిగాడు. "ముందు బ్రేకు పట్టడం లేదు బావా. ఒక్క నట్టు బిగించియ్" అన్నాడు. "దీపం ఎట్టేసాను బావా, రేపు తెల్లారి రా" అన్నాడు కూర్మనాథం. మర్నాడు తెల్లారి వస్తూనే పోయాడు. నుజ్జయిన సైకిలు చాన్నాళ్ళు స్టేషను ముందు పడి ఉంది. ఆ నట్టు ఎలా ఉందో చూడటానికి కూర్మనాథానికి ధైర్యం చాలలేదు. ఆ వీధి వైపే వెళ్ళలేదు.

గౌతమి, "అసిరయ్య ఇంటికి వెళ్ళారా ఎప్పుడైనా?" అని అడిగింది.

మర్నాడు వెళ్ళాడు. అసిరయ్య భార్య చిన్నతల్లి మడిలో బచ్చలి కోస్తోంది.

"ఏటన్నా, మూడేళ్ళకి తోవ కనపడిందేటి?"

కూర్మనాథం కూర్చోకుండానే చెప్పేశాడు. నట్టు, దీపం, రేపు రమ్మన్న మాట. ఆమె కొడవలి ఆపలేదు.

"నాకు తెలుసు కదా. ఇంటికొచ్చి నిన్ను తిట్టిపోసాడు. మీ అన్న దీపం కొండెక్కిపోను అన్నాడు." ఆమె నవ్వింది. కూర్మనాథం నవ్వలేకపోయాడు.

"బ్రేకు లేకే గదా సెల్లీ, లారీ కిందకి..."

"బ్రేకు లేదనే ఎక్కలేదన్నా. సైకిలు నడిపించుకునే ఎల్లాడు. రెండు కాళ్ళూ నేల మీదే ఉన్నాయి. నడిసేవోడిని గుద్దేసినాది." కోసిన కట్ట పక్కన పెట్టింది. "ఎక్కితే లారీ రాకముందే దాటేసుండేవోడు. అదీ నిజమే. నీకాడ అబద్దమెందుకు."

అప్పుడు తట్టింది ఆయనకు, ఆ టిక్కుటిక్కు ఏమిటో. పెడలు తొక్కుతున్నంతసేపూ వెనక చక్రంలోని ఫ్రీవీలు పలకదు. ఎక్కకుండా నడిపించుకుపోతే ఆగకుండా అలా పలుకుతుంది. నలభై ఏళ్ళ చెవి, అన్నిసార్లు విని కూడా ఆ ముక్క పట్టుకోలేదు.

"ఇంకా నడిపించుకునే ఎల్తన్నాడు" అన్నాడు గొణుగుతున్నట్టు.

"ఓహో, నువ్వూ విన్నావా?" చిన్నతల్లి మొదటిసారి తలెత్తింది. వింత చెప్పినట్టు కాదు, పాలవాడి సంగతి చెప్పినట్టు చెప్పింది: "రోజూ అయిదున్నరకి లేచి తడిక తీస్తాను. తియ్యకపోతే దాని కాడే నిలబడిపోతాడు. సప్పుడుండదు గానీ, నిలబడినట్టు తెలుస్తాది. ఎల్లడమే గానీ, తిరిగి రావడం మాత్రం నానెప్పుడూ ఇన్లేదు."

నాలుగు, అయిదు, ఆరు రోజులు అలాగే గడిచాయి. ప్రతి రోజూ ఒకటి తక్కువ. ఏడో రోజు గడువు ఆఖరు. ఆ ఉదయం అవతలి గట్టున కూర్మనాథం బదులు చిన్నతల్లి కూర్చుంది, కొంగులో చింతగింజలు మూటకట్టుకుని. పట్నం వైపు గౌతమి. కూర్మనాథం ఇంకా పొద్దు పొడవకుండానే పటం ముందు నుంచి స్పానరు తీశాడు. దాని మీది బొట్టు తుడవలేదు. వంతెన నడిమధ్యకు, అసిరయ్య పోయిన చోటికి వెళ్ళి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

మంచులో సైకిళ్ళు వెళ్తున్నాయి. గంటలు, దగ్గులు, బీడీ వాసన. ఆరుంపావు దాటింది. టక్కు. చాలాసేపటికి ఇంకో టక్కు. మధ్యలో టిక్కుటిక్కు, అరిగిన చెప్పుల చప్పుడు.

"బావా, ఆగు" అన్నాడు.

చప్పుడు ఆగింది. ఎదురుగా తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు. అయినా అక్కడ గాలి మరీ చల్లగా ఉంది, నీళ్ళు చల్లిన ఆకుకూరల కట్ట పక్కన నిలబడ్డట్టు. కూర్మనాథం వంగి, ముందు చక్రం ఎక్కడుండాలో అక్కడికి స్పానరు చాపాడు. స్పానరు నోరు దేన్నో పట్టుకుంది. పావు వంతు తిప్పాడు. ఇంకో పావు. మూడోసారి అది తిరగలేదు, బిగిసింది. నలభై ఏళ్ళలో వేల నట్లు బిగించిన చెయ్యి ఆ పట్టు విషయంలో పొరపడదు.

దూరంగా లారీ హారను మోగింది. పసుప్పచ్చటి వెలుగు మంచులో ఉబ్బి, ఆయన పక్క నుంచే ఊపేస్తూ పోయింది. కూర్మనాథం గోడకు అతుక్కుపోయాడు. లారీ చప్పుడు అణిగాక చెవి రిక్కించాడు. టక్కు, టక్కు, టక్కు. దగ్గరదగ్గరగా, పట్నం వైపు. మధ్యలో టిక్కుటిక్కు లేదు.

ఏడయ్యాక చిన్నతల్లి గింజల మూటతో వంతెన దాటి వచ్చింది. షాపు అరుగు మీద ముగ్గురూ కూర్చుని పదేసి పోగులు పెట్టారు. రెండువందల పదకొండు. గౌతమి పుస్తకంలో కూడా రెండువందల పదకొండే.

"మధ్యలో ఒకటి గబగబా నా ముందు నుంచి పోయింది. మార్కెట్టు సందు మొదట్లో ఆగి, మళ్ళీ కదిలింది. బ్రేకు వేసిన చప్పుడు విన్నాను" అంది గౌతమి. పుస్తకం మీద కలం పెట్టింది. "రాసెయ్యనా బాబాయ్?"

"రాయి తల్లీ. వచ్చినోడే గదా."

ఆమె రాసింది. తేదీ వేసింది. పదిన్నరకు ఆఫీసు తెరుస్తారు. ఈసారి ఫైలు కదులుతుంది.

చిన్నతల్లి మాత్రం కొంగు దులుపుకుని గబుక్కున లేచింది.

"కూసోవే, టీ తాగి ఎల్దువు గానీ."

"కూసుంటే ఎలా అన్నా? ఆకుకూర అమ్ముడైపోతే పన్నెండు దాటకుండా ఇంటికొచ్చేస్తాడు. మూడేళ్ళయింది తిని. పొయ్యి మీద ఎసరన్నా ఎట్టలేదు."

ఆమె వంతెన ఎక్కి, వెనక్కి చూడకుండా, పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది. ఎండ బాగా వచ్చింది. మంచు ఎక్కడా లేదు. అవతలి గట్టు దాకా ఆమె స్పష్టంగా కనిపిస్తూనే ఉంది.

గౌతమి పుస్తకం మూయలేదు. "మనం పట్నంలోకి వచ్చేవాటినే లెక్కపెట్టాం బాబాయ్" అంది మెల్లగా. "తిరిగి వెళ్ళేవాటిని పెట్టలేదు."

కూర్మనాథం షాపు గోడ మీది గడియారం వైపు చూశాడు. ఎనిమిది కావడానికి పది నిమిషాలుంది, పన్నెండుకి నాలుగు గంటల పది నిమిషాలు.