నీళ్లలో సూది

సైదున్నీసాది పుట్టిల్లు పులివెందుల, మెట్టినిల్లు ప్రొద్దుటూరు. కుట్టుపని నేర్పింది అత్త అఖ్తర్ బీ. కింద పడ్డ సూది ఎవరి కాల్లో దిగుతుందోనని ఆ ముసలామెకు జన్మంతా ఒకటే దిగులు. కుట్టు మిషన్ దగ్గర అయస్కాంతం పెట్టుకుని, లేచే ముందు నేలంతా తడిమేది. కుడుతూనే కోడలికి తన తండ్రి ఓడలో హజ్‌కు పోయిన ముచ్చట చెప్పేది. దిక్సూచి పెట్టె పుట్టకముందు ఓడవాళ్లు అయస్కాంతానికి రుద్దిన సూదిని నీళ్లలో తేలనిచ్చి ఉత్తరం కనుక్కునేవాళ్లట.

అఖ్తర్ బీ కొడుకు, సైదున్నీసా మొగుడు ఇర్ఫాన్‌కు కరెంటు ప్లాంటులో పని దొరికి, కలమల్లలో మా పక్కింట్లో దిగారు. దిగిన మర్నాడే అఖ్తర్ బీకి ఊపిరి అందలేదు. డాక్టరు పెదవి విరిచి వెళ్లిపోయాడు. నన్ను కేకేస్తే పరుగెత్తాను.

"నన్ను కిబ్లాకు తిప్పండి," అంటోంది ముసలామె. పోయేటప్పుడు ముఖం మక్కా వైపు ఉండాలి వాళ్లకు.

బయట ముసురు, పొద్దు జాడ లేదు. మా వీధి చూస్తే వంకర. పడమర ఇటేనని చెయ్యి చూపగలను గానీ, సరిగ్గా ఎటో నేను మాత్రం ఏం చెప్పను! ఇర్ఫాన్ ఫోన్లో దిక్సూచి ముల్లు ఒకచోట నిలవడం లేదు.

"యాడికి తిప్పాల్నో చెప్పు సైదూ! అమ్మీ పోతాంది!" అని అరిచాడు.

సైదున్నీసా సూదిని అయస్కాంతానికి రుద్ది, తమలపాకు ముక్క మీద పెట్టి, మంచం పక్కనే గిన్నెడు నీళ్లలో వదిలింది. సూది ఆగింది. దాన్నిబట్టి మంచం జరిపాం. ఓరి దేవుడా! మంచంతో పాటు సూదీ తిరిగింది. మళ్లీ జరిపితే మళ్లీ తిరిగింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏందమ్మే ఈ ఆట! ఆమె పానం పోతాంటే!"

"ఇనుప మంచం గదా సుబ్బక్కా," అంది సైదున్నీసా, ముఖం పాలిపోయి. "అదే లాగుతాంది. ఫోన్‌ను గూడా అదే తిప్పుతాంది. అమ్మీని కిందికి దించండి!"

చాప మీదికి దించాం. ఇర్ఫాన్ మంచాన్ని వీధిలోకి ఈడ్చేశాడు. గిన్నెలో సూది ఊగి ఊగి నిలిచింది. సైదున్నీసా దాన్నిబట్టి అత్తను మక్కా వైపుకు, పడమరకు కాస్త ఉత్తరంగా ఒత్తిగిలించింది.

అఖ్తర్ బీ కళ్లు తెరిచి గిన్నె కేసి చూసింది.

"సూది తీసిపెట్టు బిడ్డా. ఎవురన్నా తొక్కుతారు."

ఆ తర్వాతే ఇర్ఫాన్ చెవిలో చెబుతున్న కలిమాకు, అల్లా ఒక్కడేననే ఆ ఆఖరి మాటకు, పెదవులు కదిపింది. అవి కదులుతూ కదులుతూ ఆగిపోయాయి.

ఇర్ఫాన్ బావురుమన్నాడు. సైదున్నీసా మాత్రం ముందు సూదిని తీసి, కొంగుతో తడి తుడిచి, డబ్బాలో పెట్టి మూత బిగించింది. అప్పుడు పడింది అత్త కాళ్ల మీద.